ఏనుగులు రాని తూర్పు వాకిలి

మొగలికోటలో బైరినాయుడనే దళవాయి ఉండేవాడు. ధైర్యంలో ఆయనకి సాటి లేరు గానీ, ఆయన చూపు మాత్రం ఎప్పుడూ నిన్నటి వైపే ఉండేది.

ఆ కోట చిన్నది. జీతం తీసుకుని కాపలా కాసే సిపాయిలు గుప్పెడుమంది. అసలు బలమంతా పిలుపుదండుది. పిలుపుదండు అంటే మామూలు రోజుల్లో ఎవరి పని వాళ్ళు చేసుకునే జనమే. రైతులు, సాలెవాళ్ళు, కుమ్మరులు, తాళ్ళెక్కి కల్లు గీసేవాళ్ళు. కోట మీద నగారా మోగిందంటే నాగలి పొలంలోనే వదిలేసి, మగ్గం ఇంట్లోనే వదిలేసి, చూరులో దోపిన బల్లెం లాక్కుని పరిగెత్తుకు రావాలి. వాళ్ళందరికీ పెద్ద బైరినాయుడు.

ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు పొరుగు సీమ దొర ఏనుగులతో తూర్పు వాకిలి మీదకి వచ్చాడు. పిలుపుదండు మొత్తం ఆ వాకిలి ముందు గోడలా నిలబడింది. ఎండుమిరపకాయల పొగ పెట్టారు. పళ్ళేలు, బిందెలు, చేతికి దొరికినవన్నీ మోగించారు. ఏనుగులు బెదిరి వెనక్కి తిరిగాయి. కోట నిలిచింది. కానీ వాకిలి పక్కన నల్లరాయి మీద, అందరికంటే ముందు నిలబడ్డ సూరన్న ఇంటికి తిరిగి రాలేదు. సూరన్న బైరినాయుడికి సొంత అన్న.

అప్పటినుంచి ఏటా తొలకరికి ముందు ‘ఏనుగుల రోజు’ జరిపేవాళ్ళు. ఆ రోజు ఎంత బాగుండేదో! తెల్లారేసరికి కోటంతా కొత్త సున్నం వాసన, బెల్లం పాకం వాసన. రెండు దున్నపోతులకి చేటలు కట్టి చెవులు చేసేవాళ్ళు. గోనెసంచిలో గడ్డి కూరి తొండం చేసేవాళ్ళు. మెడలో పెద్ద గంటలు వేసి తూర్పు వాకిలి మీదకి తోలేవాళ్ళు. పిలుపుదండు వరసగా నిలబడేది. తాత నిలబడ్డ చోటే మనవడు నిలబడాలి. ఎవరింట్లోనైనా మగపిల్లలు లేకపోతే ఆ చోట ఒక రాయి పెట్టి ఖాళీగా ఉంచేవాళ్ళు. నల్లరాయి మీద బైరినాయుడు నిలబడేవాడు. చుట్టుపక్కల సీమల నుంచి జనం వచ్చి, జీళ్ళు కొనుక్కుని తింటూ చూసేవాళ్ళు.

“చెంగయ్య మామా, నిజంగా నీ మీదకి ఏనుగొస్తే ఏం చేస్తావు?” అని కుర్రాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

కుమ్మరి చెంగయ్య తన బొజ్జ నిమురుకుని, “నన్ను చూసి చుట్టమనుకుంటది. పలకరించి పోద్దిలే,” అనేవాడు.

చివర్లో బైరినాయుడు ఒక పరీక్ష పెట్టేవాడు. గొంతు చించుకుని, “పడమటికి పరిగెత్తండిరా! ఇక్కడ అంతా అయిపోయింది!” అని అరిచేవాడు. ఒక్కడు కూడా కదిలేవాడు కాదు. చూస్తున్న జనం ఈలలు వేసేవాళ్ళు. “చచ్చినా చోటు వదలరు, అదీ మన దండు!” అని బైరినాయుడు మీసం తిప్పేవాడు. ఆయన కళ్ళు మాత్రం తడిగా ఉండేవి. ఆ ఒక్కరోజు అన్న తన పక్కనే ఉన్నట్టు ఉండేది ఆయనకి.

మొగలికోటని ఏలిన పెద్ద దొర పోయాక ఆ దొర కోడలు గురవమ్మ దొరసాని కోట చూసుకునేది. ఒకరోజు ఆవిడ బైరినాయుణ్ణి పిలిపించింది.

“నాయుడు మామా, పొరుగు సీమలో ఇప్పుడు ఏనుగులెన్ని ఉన్నాయో తెలుసా?”

“తెలీదమ్మా.”

“ఒక్కటీ లేదు. మేపలేక అమ్ముకున్నారు. వాళ్ళిప్పుడు తెప్పలు కట్టుకుంటున్నారు. మొన్న ఎర్రవాగు ఎగువన రెండు ఊళ్ళ గాదెలు ఊడ్చుకుపోయారు. ప్రవాహంతో వస్తారు, దోచుకుంటారు, అదే ప్రవాహంతో కిందకి జారుకుంటారు. మన విత్తనాల కొట్టు ఎక్కడుంది?”

“పడమర. వాగు ఒడ్డున.”

“అక్కడ కాపలా ఎవరు?”

బైరినాయుడు నసిగాడు. అక్కడ ఇద్దరు ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు.

“అందుకే దండుని మార్చుకుందాం,” అంది దొరసాని. “కొందరు తూర్పున ఉండనీ. కొందరు వాగు వెంట ఉండాలి. కొందరు మధ్యలో ఉండి, ఎటు అవసరమైతే అటు పరిగెత్తాలి. తాళ్ళెక్కేవాళ్ళ చేతికి బల్లెమిచ్చి నేలమీద ఎందుకు నిలబెట్టడం? పైనుంచి చూసి ఎవరొస్తున్నారో చెబుతారు కదా. రేవులో తెప్పలు నడిపేవాళ్ళని కూడా దండులో కలుపుకుందాం.”

“రేవు వాళ్ళనా? వాళ్ళ తాతలెవరూ ఏనుగుల యుద్ధంలో లేరమ్మా. వాళ్ళకి చోటెక్కడుంది?”

“అప్పుడు వాళ్ళు ఈ ఊళ్ళో లేరు మామా. ఇప్పుడున్నారు.”

బైరినాయుడు తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, “దండుని ముక్కలు చేస్తే ఆ వరస ఉండదమ్మా. వరస లేకపోతే నల్లరాయి ఎవరికి గుర్తుంటుంది? మా అన్న...” మాట పూర్తి చెయ్యలేకపోయాడు. “ఈ ఒక్క ఏడు పాత పద్ధతిలోనే కానివ్వండి. వచ్చే ఏడు మీరన్నట్టే మార్చేస్తాను,” అన్నాడు.

పోయిన ఏడు కూడా ఆయన ఇదే మాట అన్నాడు. దొరసానికి అది గుర్తుంది. కానీ ఆ పెద్దాయన ముఖం చూసి కాదనలేకపోయింది.

నిజానికి ఆయనది మొండితనం కాదు. భయం. రేపు ఎలా ఉంటుందో తెలీనప్పుడు ఎవరికైనా నిన్న చాలా ముద్దొస్తుంది. నిన్నట్లో ఏ మూల ఏముందో మనకి తెలుసు కదా!

ఆ సంగతి రేవుకి కూడా చేరింది. తెప్ప నడిపే నూకాలు బైరినాయుడు ఎదురుపడితే ఊరుకోలేదు. “మాకు చోటు లేదన్నారంట కదా నాయుడుగారూ! పోనీలెండి. నీళ్ళ మీద బతికేవాళ్ళం, ఒకచోట నిలబడితే మునిగిపోతాం,” అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన విననట్టు వెళ్ళిపోయాడు.

ఆ ఏడు కూడా ఏనుగుల రోజు పాత పద్ధతిలోనే జరిగింది. దున్నపోతులకి చేటలు కట్టారు. జీళ్ళు అమ్ముడయ్యాయి. బైరినాయుడు “పడమటికి పరిగెత్తండిరా!” అని అరిచాడు. ఎవరూ కదల్లేదు.

కొద్దిరోజులకే తొలకరి పడింది. ఎర్రవాగు నిండుగా పారుతోంది. విత్తనాలు పంచేందుకు కొట్టు శుభ్రం చేస్తున్నారు. ఒకరోజు మధ్యాహ్నం, జనం అన్నాలు తిని నడుం వాల్చిన వేళ, తూర్పున మొగలిపొదల వెనక నుంచి గంటలు వినిపించాయి. ఏనుగు గంటలు!

నగారా మోగింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. కోట కోటంతా తూర్పు వాకిలికి పరిగెత్తింది. ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. వాళ్ళ ముఖాల్లో భయం కంటే ఉత్సాహమే ఎక్కువ ఉంది. తాతలు చెప్పింది ఇన్నాళ్ళకి నిజమైంది కదా! బైరినాయుడు నల్లరాయి ఎక్కాడు. “అన్నా, మళ్ళీ వచ్చాయి. ఈసారి నేనున్నాను,” అనుకున్నాడు.

మిరపకాయల పొగ పెట్టారు. వానకి తడిసిన పిడకలు సరిగ్గా అంటుకోలేదు. గాలి కూడా ఎదురు తిరిగింది.

“నాయుడూ, మన పొగకి మనమే చచ్చేలా ఉన్నాం!” అని చెంగయ్య దగ్గుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

గంటలు మోగుతూనే ఉన్నాయి. కానీ దగ్గరకి రావడం లేదు.

బైరినాయుడు కళ్ళు మూసుకుని విన్నాడు. చిన్నప్పుడు అన్న చెయ్యి పట్టుకుని ఇదే రాయి దగ్గర విన్న చప్పుడు ఆయనకి బాగా గుర్తుంది. ఏనుగు నడుస్తుంటే దాని మెడ బరువుగా ఊగుతుంది. గంట ఒకసారి మోగి, కాస్త ఆగి, మళ్ళీ మోగుతుంది. దారిలో కొమ్మ విరుచుకుంటే ఆ కాసేపూ ఆగిపోతుంది. ఈ గంటలు అలా లేవు. ఆగకుండా గణగణమని, తొందర తొందరగా మోగుతున్నాయి.

ఆయన చెంగయ్య వైపు తిరిగాడు.

“చెంగయ్యా, అక్కడ ఏనుగుల్లేవురా. ఎవడో పొదల్లో కూర్చుని గంటలు ఊపుతున్నాడు.”

“ఎందుకు?”

“మనమంతా ఇక్కడే ఉండాలని!” బైరినాయుడు వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు. “పడమటికి పరిగెత్తండిరా! విత్తనాల కొట్టు!”

ఒక్కడూ కదల్లేదు.

“పరిగెత్తండిరా! నిజంగా చెబుతున్నా!”

వరసలో కుర్రాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఒకడు బల్లెం ఇంకా గట్టిగా పట్టుకుని, “మేం చోటు వదలం దళవాయిగారూ!” అని గర్వంగా అరిచాడు. మిగతావాళ్ళు కూడా అందుకున్నారు. ఏటా పెట్టే పరీక్షే ఇది అనుకున్నారు వాళ్ళు.

బైరినాయుడికి ఏం చెయ్యాలో తోచలేదు. వాళ్ళకి అది నేర్పింది తనే. ఎన్ని మాటలు చెప్పినా ఇప్పుడు వాళ్ళు నమ్మరు. వాగు వైపు సన్నగా కేకలు వినిపిస్తున్నాయి. ఆ కొట్టు పోతే ఈ ఏడు పొలాల్లో నాటడానికి గింజ ఉండదు.

ఆయన వంగి నల్లరాయిని చేత్తో తాకాడు. “అన్నా, నేను వెళ్ళాలి,” అన్నాడు. రాయి దిగి, అందరూ చూస్తుండగా పడమటికి పరుగు తీశాడు.

దండు బిత్తరపోయింది. ఏనుగుల రోజున సందె పడకముందు బైరినాయుడు ఆ రాయి దిగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చెంగయ్య ముందుగా తేరుకున్నాడు. “ఆయనే దిగాడంటే ఇది ఆట కాదురా! పదండి!” అని బొజ్జ పట్టుకుని పరిగెత్తాడు. అప్పుడు కదిలారు అందరూ.

వాళ్ళు వెళ్ళేసరికి కొట్టు తలుపులు విరిగి ఉన్నాయి. కాపలా ముసలివాళ్ళిద్దరినీ స్తంభానికి కట్టేశారు. విత్తనాల బస్తాలు ఎత్తుకుని తెప్పలు వాగులోకి దిగిపోయాయి. ముందు వెళ్ళినవి అప్పుడే మలుపు దాటేశాయి. కానీ వెనకవి ఒకదాన్నొకటి గుద్దుకుంటూ రేవు దగ్గర చిక్కుకుని ఉన్నాయి. నూకాలు, ఆమె మనుషులు రేవు దాటించే మోకుని వాగుకి అడ్డంగా బిగించి, ఒడ్డున కాళ్ళు తన్నిపెట్టి లాగుతున్నారు. వాళ్ళ అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

“నాయుడుగారూ!” అని అరిచింది నూకాలు. “చోటు లేదన్నారుగా, మేమే ఒకటి చూసుకున్నాం! తాడు జారిపోతోంది, వచ్చి పట్టండి!”

బైరినాయుడు బల్లెం పారేసి మోకు పట్టుకున్నాడు. ఆయన వెనక చెంగయ్య, చెంగయ్య వెనక దండంతా పట్టుకుంది. చిక్కుకున్న తెప్పల్ని ఒడ్డుకి లాగారు. దొంగల్లో కొందరు నీళ్ళలో దూకి పారిపోయారు. కొందరు దొరికారు. దొరికినవాళ్ళలో ఒకణ్ణి చూసి చెంగయ్య నోరు తెరిచాడు.

“నువ్వు జీళ్ళవాడివి కదరా! ఏటా నీ దగ్గరేగా కొనుక్కు తింటాను!”

వాడు తడిసిన తల విదిలించుకుని, “అవును. మీ దండులో ఎవరు ఎక్కడ నిలబడతారో మీ పిల్లలకంటే మాకే బాగా తెలుసు. ప్రతి ఏడూ చూపిస్తూనే ఉన్నారు కదా,” అన్నాడు.

బైరినాయుడు తూర్పు వాకిలి వైపు ఒకసారి తిరిగి చూశాడు.

విత్తనాల్లో సగమే దక్కాయి. ఆ ఏడు మొగలికోటలో సగం పొలాలు బీడు పడ్డాయి. చాలా ఇళ్ళలో ఒంటిపూట గంజితోనే సరిపెట్టుకున్నారు. బైరినాయుడు తన కత్తి తీసుకెళ్ళి దొరసాని ముందు పెట్టాడు.

“ఇక నేను పనికిరానమ్మా.”

“కత్తి నాకెందుకు మామా?” అంది దొరసాని. “తప్పు నాదీ ఉంది. మీ ముఖం చూసి రెండేళ్ళు ఊరుకున్నాను. మార్చేస్తానని మాట ఇచ్చారు కదా, ఆ మాట ఇప్పుడు నిలబెట్టుకోండి. గంటల మోసం కనిపెట్టింది మీరే. అది వినే చెవి ఇంకెవరికీ లేదు.”

బైరినాయుడు ఆ రోజే మొదలుపెట్టాడు. ఇంటింటికీ తిరిగి, ‘మీ తాత ఎక్కడ నిలబడ్డాడు’ అని కాకుండా, ‘నీకేం చేతనవును’ అని అడిగాడు. తాళ్ళెక్కేవాళ్ళు పైనుంచి కాపలా కాశారు. నూకాలు చేతిలో వాగు దండు పెట్టాడు. కాళ్ళు చురుగ్గా ఉన్నవాళ్ళని మధ్యలో ఉంచాడు. ఏ దిక్కున ఆపదొస్తే ఆ దిక్కుకి ఒక నగారా దరువు పెట్టాడు. రాళ్ళు పెట్టి ఉంచిన ఖాళీ చోట్లు తీసేశాడు. ఆ రాళ్ళు మొయ్యడానికి మాత్రం ఎవర్నీ పిలవలేదు. ఒక్కొక్కటీ తనే ఎత్తి పక్కన పెట్టాడు.

మళ్ళీ ఏనుగుల రోజు వచ్చింది. పిల్లల కోసం దున్నపోతులకి చేటలు కట్టారు. బెల్లం పాకం వాసన పాతదే. కానీ ఏ వరసా నిలబడలేదు. దండు ఎక్కడెక్కడ ఉందో చూడ్డానికి వచ్చినవాళ్ళకి అంతుపట్టలేదు. నల్లరాయి మీద ఇప్పుడు నగారా ఉంది. దండులో కొత్తగా చేరినవాళ్ళని బైరినాయుడు ముందుగా అక్కడికి తీసుకెళ్ళి సూరన్న కథ చెప్పాడు. వాళ్ళలో రేవు వాళ్ళూ ఉన్నారు.

అంతా విన్నాక నూకాలు అడిగింది, “అంతమంది ఉండగా మీ అన్న ఇక్కడే ఎందుకు నిలబడ్డాడు నాయుడుగారూ?”

“ఏనుగులు ఇటునుంచి వచ్చాయి కాబట్టి,” అన్నాడు బైరినాయుడు.

అని ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన తనకి తాను ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. తడికళ్ళతోనే నవ్వాడు.

“నీళ్ళలోంచి వచ్చుంటే మా అన్న వాగులో దిగి నిలబడేవాడమ్మా. నీ పక్కనే.”

పెద్దవాళ్ళు నిలబడ్డ చోటుని పట్టుకుని కూర్చుంటే వాళ్ళు కాపాడిందే పోతుంది. వాళ్ళని గుండెలో పెట్టుకుని, ఆపద ఎటునుంచి వస్తే అటు తిరిగి నిలబడటమే వాళ్ళకి మనమిచ్చే అసలైన గౌరవం.