కదలని రాయి

అనగనగా ఒక అడవి. ఒకనాడు పొద్దున్నే ముసురు కాస్త తెరిపిచ్చింది. నేల మెత్తగా ఉంది. కొండవాలు కింద ఉన్న తోటలోకి ఒక ముళ్ళపంది తన ముగ్గురు పిల్లల్నీ తీసుకొచ్చింది. పెద్దవాడు రేగు. నడిపిది పల్లేరు. చిన్నవాడు వాకుడు. అన్నీ ముళ్ళ మొక్కల పేర్లే. ముళ్ళపందులు పిల్లలకి ఇంకేం పేర్లు పెడతాయి?

"ఇక్కడ చిలగడదుంప తీగలు నాటాలి. రాయి తగిలితే దుంప వంకరపోతుంది. ముందు రాళ్ళు తవ్వి తియ్యండి," అంది అమ్మ. "రాయి మీద చెయ్యి వేసి ఊపండి. కదిలితే మనది. కదలకపోతే కొండది. దాని జోలికి పోవద్దు."

అమ్మ ఎప్పుడూ అంతే. నాలుగు ముక్కల్లో తేల్చేస్తుంది.

రేగు ఒక రాయిని ఊపాడు. కదిలింది. ఎత్తి చూస్తే కింద చీమలు గుడ్లు మోసుకుని పరుగులు పెడుతున్నాయి.

"కాసేపు ఆగు. ఇల్లు మారుతున్నాయి," అంది అమ్మ.

చీమలన్నీ వెళ్ళాకే రేగు ఆ రాయిని పక్కన పెట్టాడు.

పల్లేరు ఇంకో రాయిని ఊపింది. అదీ కదిలింది. కింద కప్ప మామ కళ్ళు నులుముకుంటూ లేచాడు.

"తలుపు తట్టి రావాలని తెలీదూ?"

"తలుపెక్కడుంది మామా?"

"నీ చేతిలో ఉన్నదేమిటి మరి?"

పిల్లలు పడీపడీ నవ్వారు. కప్ప మామ గొణుక్కుంటూ వాగు వైపు గెంతుకుంటూ పోయాడు.

తీగలు తేవడానికి అమ్మ కూడా వాగుకే వెళ్ళింది. వాకుడు పక్కింటి కుందేలు పిల్లలిద్దరితో కలిసి, తీసిన రాళ్ళతో కోట కట్టడం మొదలుపెట్టాడు. రేగు, పల్లేరు వాలు పైకి ఎక్కారు. అక్కడ గేదె అంత బండ ఒకటి. దాని కింద తెల్లటి రాయి. పల్లేరు ఆ రాయిని ఊపింది. కదల్లేదు.

"ఇది కొండది. పద," అన్నాడు రేగు.

"కదలకపోతేనే కదన్నా కొండది? కదిలేలా చేద్దాం."

పల్లేరు రాయి చుట్టూ తవ్వింది. రేగు వద్దు వద్దంటూనే రెండో వైపు తవ్వాడు. కాసేపటికి రాయి ఊగింది.

"చూశావా, ఇప్పుడు మనదే," అని పల్లేరు దాన్ని లాగేసింది.

పైనుంచి మట్టి జలజలా రాలింది. బండ కిర్రుమంటూ జానెడు ముందుకు జరిగి ఆగింది. సరిగ్గా దాని కిందే, తోటలో, వాకుడూ కుందేలు పిల్లలూ కోట కడుతున్నారు.

"అమ్మ తంతుంది," అన్నాడు రేగు.

"అమ్మకి ఎవరు చెప్తారు? మళ్ళీ పెట్టేద్దాం," అంది పల్లేరు.

రాయి దూరలేదు. పల్లేరు తడిమట్టి కూరింది. మట్టి జారిపోయింది. బండ ఇంకో జానెడు జరిగింది.

పల్లేరు కిందికి చూసింది. వాకుడు కోటకి గుమ్మం పెడుతున్నాడు.

"వాకుడూ, పక్కకి పొండి. బండ పడుతోంది," అని కేక వేసింది.

"మొన్న పామన్నావు. అటుమొన్న నక్కన్నావు. పో అక్కా, మాకు పనుంది."

పల్లేరు ఇంకా గట్టిగా అరిచింది. "ఈసారి నిజంరా. బండ కింద రాయి లాగేశాను. తప్పు నాదే."

వాకుడు చటుక్కున లేచాడు. "పరిగెత్తండ్రా," అన్నాడు కుందేలు పిల్లలతో. "మా అక్క తప్పు ఒప్పుకుందంటే బండ పడుతున్నట్టే."

ముగ్గురూ పొదల్లోకి దూకారు. వెనకే బండ దొర్లుకుంటూ వచ్చింది. కోట పిండయింది. సగం తోట పోయింది.

చప్పుడు విని అమ్మ తీగలు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది. పల్లేరు తానే ఎదురెళ్ళి అంతా చెప్పింది.

"నేనూ తవ్వాను," అన్నాడు రేగు.

"తిట్టమ్మా," అంది పల్లేరు.

"తర్వాత తిడతాను. ముందు నన్ను కూర్చోనీ."

కూర్చున్నాక అమ్మే అంది. "కదలని రాయి దేన్నో మోస్తూ ఉంటుందే. ఆ మాట నేనూ చెప్పలేదు."

తర్వాత అందర్నీ ఇంటికి నడిపించింది. లోపల కూర్చోబెట్టి లెక్కపెట్టింది. రేగు ఒకటి. పల్లేరు రెండు. వాకుడు మూడు. కుందేలు పిల్లలు నాలుగు, ఐదు.

సరిపోయింది. అయినా ఒక్కొక్కరి ముక్కూ తాకుతూ మళ్ళీ మొదలుపెట్టింది. రేగు ఒకటి. పల్లేరు రెండు...

నీతి: తప్పు జరిగితే ముందు నోరు విప్పండి. తిట్లు తర్వాతైనా తినొచ్చు.