ఎలీసమ్మ చెప్పిన పుట్టింటి పలావు

అనగనగా, ఎటు చూసినా వరిచేలు తప్ప ఇంకో పంట ఎరగని ఒక ఊళ్ళో పరంజ్యోతి అని ఒక ఆసామి ఉండేవాడర్రా. ఆయన భార్య వజ్రమ్మ. వాళ్ళకి ఒక్కగానొక్క కొడుకు సామ్యేలు. ఆ సామ్యేలు పెళ్ళామే మన ఎలీసమ్మ. కథంతా ఆ పిల్లదే. ఏమిటే, రాజు లేడా అంటావా? ఇది క్రిస్మస్ కథ. ఇందులో రాజు ఒక్కడే, ఆయన పశువుల పాకలో పుట్టాడు. ఇంక వేరే రాజులెందుకు మనకి? ఊ కొట్టండి.

ఎలీసమ్మది మెట్ట ఊరు. రాళ్ళూ రప్పలూ, జొన్నచేలూ. తల్లి చిన్నప్పుడే పోతే తండ్రి జక్కరయ్యే జడేసి, వండిపెట్టి, పెంచి పెద్దచేశాడు. ఏడాది పొడుగునా వాళ్ళకి జొన్నన్నమే. మరి పండక్కో? కోతల కాలంలో ఆయన ఇలాంటి పల్లపు ఊళ్ళకి కూలికొచ్చి, కళ్ళంలో కొలిచిచ్చిన వడ్లు మూటకట్టుకుని నడిచి వెళ్ళేవాడు. ఆ వడ్లు దంచితే వచ్చిన బియ్యంతోనే క్రిస్మస్. తెల్లటి వరన్నం, ఎండుచేపలూ వంకాయలూ వేసిన పులుసు, ఆఖర్న ఇంత బెల్లంముక్క. ఆ అన్నం కోసం ఆ పిల్ల ఏడాదంతా కాచుక్కూచునేది. ముక్కు మూసుకుంటావేంట్రా, ఎండుచేపలంటే? ఆకలేసినప్పుడు ఆ వాసన ఎంత బాగుంటుందో నీకేం తెలుసు!

మరి అంత దూరపు పిల్ల ఇక్కడికెలా వచ్చిందంటే, ఏవో సువార్త సభల్లో ఆ పిల్ల పాట పాడుతుంటే సామ్యేలు విన్నాడు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని ఇంట్లో భీష్మించుకు కూచున్నాడు. పెళ్ళి కూడా మగపెళ్ళివారి ఊరి గుళ్ళోనే జరిగింది. అందుకని ఆ పిల్ల ఇల్లెలా ఉంటుందో, వాళ్ళు ఏం తింటారో అత్తారింట్లో ఎవరూ చూడలేదు. గుర్తుపెట్టుకోండి, కథంతా అక్కడే తిరుగుతుంది.

కాపరానికొచ్చాక మొదటి క్రిస్మస్ దగ్గరపడింది. వజ్రమ్మ వాకిట్లో పొయ్యి పెట్టి, చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చేరి గులాబీ పువ్వులు చేస్తున్నారు. ఒకామె పిండి కలుపుతోంది, ఒకామె అచ్చు నూనెలో ముంచుతోంది, ఇంకొకామె చేసే పనేం లేదు, తింటోంది. ఆ తినేటామె ఊరికే అడిగింది, మీ పుట్టింట్లో క్రిస్మస్‌కి ఏం వండుకుంటారే ఎలీసమ్మా అని. ఎగతాళి లేదు, ఏమీ లేదు. కానీ వరన్నం అని చెప్పడానికి ఈ పిల్లకి నామోషీ అనిపించింది. చుట్టూ వరిచేలు, అటకమీద వడ్లబస్తాలు. వీళ్ళముందు వరన్నమే మా పండగ అని ఎలా చెబుతుంది?

పలావు అంది. పలావొక్కటేనా అన్నారు. పలావూ, పలావులోకి వేటమాంసమూ అంది. అంతేనా అన్నారు. పలావూ, పలావులోకి వేటమాంసమూ, మాంసం ఘాటుకి పెరుగు చట్నీ అంది. తీపేం లేదా అన్నారు. పలావూ, పలావులోకి వేటమాంసమూ, మాంసం ఘాటుకి పెరుగు చట్నీ, చట్నీ తర్వాత జీడిపప్పేసిన సేమ్యా పాయసమూ అని ఒక్క ఊపిరిలో అనేసింది. అబ్బో అనుకున్నారంతా.

అక్కడితో అయిపోయేదే. కానీ సామ్యేలు ఉన్నాడే, మంచోడే గానీ వట్టి వెర్రిబాగులోడు. మా మామగారింట్లో ఇలా వండుతారు, అలా వండుతారు అని మంగలి దగ్గర చెప్పాడు, రైసుమిల్లు దగ్గర చెప్పాడు, చర్చి మెట్లమీద చెప్పాడు. ఆ మాట ఊరంతా తిరిగి ఇంటికొచ్చేసరికి పలావు పక్కన బాతుకూర కూడా చేరింది! పరంజ్యోతి విని మురిసిపోయి, ఈ ఏడు పండగ వంట కోడలిదే, వాళ్ళింట్లో ఎలా చేస్తారో అలాగే చెయ్యాలి, వియ్యంకుణ్ణి కూడా పిలుద్దాం అన్నాడు. ఆ పూటే కబురు పంపాడు.

ఎలీసమ్మకి భయం పట్టుకుంది. వంట సరే, ఎలాగో నేర్చుకోవచ్చు. తండ్రిని ఏం చెయ్యను? ఆ విస్తరి ముందు కూచుని, ఇదెప్పుడూ మేం తిన్లేదే అన్నాడంటే తన పరువు పోతుంది. తిన్నామంటే, పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి తనవల్ల పండగపూట అబద్ధమాడినట్టవుతుంది. ఆ పిల్లకి రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు.

అయినా తెలివైంది కాబట్టి అత్త వెనకాలే తిరిగింది. మీ వైపు ఎసట్లో నీళ్ళెన్ని పోస్తారత్తా, మా వైపు పద్ధతి వేరులే అనేది. వజ్రమ్మ చెప్పేది. ముందు మాంసం ఉడికిస్తారా, ఉప్పేస్తారా, మా వైపు వేరులే అనేది. వజ్రమ్మ చెప్పేది. అలా వంటంతా లాగేసింది. ఊ కొడుతున్నారా, నేనొక్కదాన్నే మాట్లాడుతున్నానా?

పండగరోజు రానే వచ్చింది. తండ్రికి ముందే చెవిన వేద్దామనుకుంది. ఆయనేమో ఉతికిన పంచె కట్టుకుని, కాళ్ళకి దుమ్ముతో నేరుగా గుడికే వచ్చేశాడు. మగాళ్ళు ఆ పక్క, ఆడవాళ్ళు ఈ పక్క. ఆరాధన అవగానే సామ్యేలు ఆయన చెయ్యి వదిలితేగా! తీసుకొచ్చి విస్తరి ముందు కూచోబెట్టాడు.

అన్నీ వడ్డించారు. పరంజ్యోతి నవ్వుతూ, “బావగారూ, మీ ఇంట్లో వండినట్టే వండానంది మీ అమ్మాయి. ముందు మీరు ప్రార్థన చెయ్యండి, తిన్నాక చెప్పండి, అలాగే కుదిరిందో లేదో,” అన్నాడు.

జక్కరయ్య విస్తరి వంక చూశాడు. కూతురి వంక చూశాడు. ఆ పిల్ల ఆయన కళ్ళలోకి చూడకుండా, వడ్డించిన విస్తట్లోనే మళ్ళీ గరిటెతో వడ్డిస్తోంది. ఆయనకి అర్థమైపోయింది. కళ్ళు మూసుకున్నాడు.

“ప్రభువా,” అన్నాడు, “తల్లి లేని బిడ్డ. నా చేతులతో ఏం వండిపెట్టినా ఏనాడూ ఇదేందని అడగలేదు. ఇయ్యాళ ఈ బిడ్డ చేత్తో ఏం వండినా, అదే మా ఇంటి వంట. నీకు స్తోత్రం.”

అందరూ ఆమెన్ అన్నారు. ఎలీసమ్మ అనలేకపోయింది. అబద్ధమాడకుండానే తండ్రి తనని కాచాడు. అది చూసి ఆ పిల్లకి ఇన్నాళ్ళూ లేని సిగ్గు ఇప్పుడొచ్చింది. ఈ మనిషినా నేను దాచిపెట్టాలనుకున్నది అని ఏడుపు తన్నుకొచ్చింది.

“అబద్ధం చెప్పానత్తా,” అంది. “మా ఇంట్లో ఎన్నడూ పలావు వండలేదు. మాకు వరన్నమే పండగ. మా నాయన మీలాంటోళ్ళ చేలల్లో కోతకోసి తెచ్చేవాడు. మీరు రోజూ తినేది మేం క్రిస్మస్‌కి తినేవాళ్ళం.”

రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే గేదెల కుడితిలో పోసొచ్చింది వజ్రమ్మ. ఆవిడ తలొంచుకుంది. పరంజ్యోతి, ఏటేటా కళ్ళంలో కూలోళ్ళకి వడ్లు కొలిచిస్తాను బావగారూ, అవి తీసుకెళ్ళి ఏం చేసుకుంటారని ఒక్కనాడూ అడగలేదు అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి చాలా కష్టమైంది.

అప్పుడు జక్కరయ్య మెల్లిగా పలావులోంచి ఒక ఆకు పైకి తీసి కూతురికి చూపించాడు. “అయితే ఇప్పుడు అడగొచ్చా అమ్మా?” అన్నాడు. “ఈ ఆకు తినేదా, పక్కన పెట్టేదా?”

ముందు నవ్వింది వజ్రమ్మే. తర్వాత అందరూ నవ్వారు. ఆవిడ కోడలి చేతిలో గరిటె లాక్కుని, “మీ నాయన పక్కన కూచోవే. ఏది ఏమిటో చెప్పు. నేను వడ్డిస్తా,” అంది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ కూచుంది. ఆయన ఇదేంది అని అడిగేవాడు, ఆమె చెప్పేది. అదేంది అని అడిగేవాడు, ఆమె చెప్పేది. ఏ ప్రశ్నకి అంత భయపడి నిద్ర మానుకుందో, అందరిముందూ ఆ ప్రశ్నే వింటుంటే ఆ పిల్లకి హాయిగా ఉంది. తండ్రికి ఆకలి తీరేదాకా పక్కనే కూచుని చెబుతూనే ఉంది.

అంతేనర్రా. వాళ్ళంతా సుఖంగా ఉన్నారు. మన ఇంట్లో ఏం తిన్నామని ఎవరైనా అడిగితే, ఉన్నది చెప్పండి. దాన్ని దాచారంటే, పెట్టిన చెయ్యిని కూడా దాచినట్టే. కథేమో కంచి దారి పట్టింది. మనం దుప్పటి ముసుగేసుకుందాం.