ఆగడం మరిచిన పెట్టె

కామేశం మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరకడం అరుదు; పని మాత్రం తప్పకుండా దొరుకుతుంది. కాకినాడలో ఆయన దగ్గర పాత చిప్పులకు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న వైదేహి ఒకరోజు ఇలా అడిగింది.

"మాస్టారూ, మనం రాసిన ప్రోగ్రాముల్ని చిప్పు భాషలోకి మార్చడానికి ఇన్నేళ్లూ వాడిన ఖరీదైన సాఫ్ట్‌వేర్ వదిలేసి ఈ చవకదానికి మారుతున్నాం కదా. దీనివల్ల మనం పోగొట్టుకునేదేమైనా ఉందంటారా?"

"భానుమూర్తిగారి పెట్టె ప్రోగ్రాము అందులో పెట్టి చూడు," అన్నారాయన.

భానుమూర్తిగారు పక్షవాతంతో మాట పోగొట్టుకున్న మనిషి. మాస్టారు ఆయన కోసం చేసిన పెట్టె ఒక మాట పలుకుతుంది, దీపం వెలిగిస్తుంది, ఆయన తిరిగి పలకడానికి కాసేపు ఆగి తరవాతి మాటకు పోతుంది. అందులో కొత్తగా "ఇదిగో" అన్న మాట చేర్చమని ఆయన భార్య శేషమ్మగారు కబురు పెట్టారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఆవిణ్ణి ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. గంటకోసారి "ఇదిగో" అనేవారు, ఆవిడ విసుక్కునేవారు. ఇప్పుడు ఆ ఒక్క పిలుపు కోసం ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది.

వైదేహి ఆ మాట చేర్చి ప్రోగ్రాము పెడితే, కొత్త సాఫ్ట్‌వేర్ ఒక్క తప్పూ చూపలేదు. పైగా ప్రోగ్రాము మునుపటికన్నా చిన్నదైంది. ఈ విద్యలో చిన్నదైతే గొప్ప కాబట్టి వైదేహి పొంగిపోయింది.

మర్నాడు ఇద్దరూ వాళ్లింటికి వెళ్లి పెట్టె ఆన్ చేశారు. "నీళ్లు, అన్నం, ఇదిగో, చాలు" అని అది గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేసింది. భానుమూర్తిగారు మొదటి మాటకు పెదవులు కదిలించేలోపే నాలుగోది అయిపోయింది. ఆయన నోరు మూసుకుని గోడవైపు తిరిగిపోయారు.

"పాతది ఇలా తరిమేది కాదమ్మా," అన్నారు శేషమ్మగారు. "ఆయన కోసం ఆగేది."

వైదేహి ముఖం చిన్నబోయింది. అక్కడే లాప్‌టాప్ తెరిచి వెతికితే తప్పు తొందరగానే దొరికింది. పెట్టె ఆగడానికని మాస్టారు అప్పట్లో ఒక ఖాళీ లెక్క రాశారు. ఊరికే ఒకటి నుంచి వేలదాకా లెక్కపెట్టడం, అది పూర్తయ్యేలోపు కాసేపు గడుస్తుంది, అంతే. పాత సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే లెక్కపెట్టించేది. కొత్తదానికి తెలివెక్కువ, దీనివల్ల జరిగే పనేమీ లేదని చూసి మొత్తం కొట్టేసింది. ఆ లెక్క జోలికి పోవద్దని వైదేహి ప్రోగ్రాములో ఒక ఆజ్ఞ చేర్చి, పెట్టె మూడు సెకన్లు ఆగేలా సరిచేసింది.

ఈసారి పెట్టె "ఇదిగో" అని ఆగింది. దీపం వెలిగింది. మంచినీళ్లు తెస్తున్న శేషమ్మగారు గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఇ..." అన్నారు భానుమూర్తిగారు. మెడ నరాలు తేలాయి. "ఇ... ది..."

దీపం ఆరిపోయింది. "చాలు" అంది పెట్టె.

వైదేహి మూడు సెకన్లను ఐదు చేసింది. తరవాత ఎనిమిది చేసింది. రెండుసార్లూ ఆయన అక్కడికే వచ్చి ఆగిపోయారు. ఆ పిల్లకు ఏడుపొక్కటే తక్కువ.

"మాస్టారూ, ఎంతసేపు ఆగమని రాయను?"

మాస్టారు గుమ్మం వైపు చూశారు. శేషమ్మగారు గ్లాసు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.

"నన్నడుగుతావేమ్మా? ఆవిణ్ణడుగు."