లాగిన కాటమ్మ, ఆపిన సూరక్క

చింతలబోడు అడవిలో దుప్పులు, కుందేళ్లు, అలుగులు, అడవిదున్నలు ఉండేవి. వాటిలో కొన్నింటికి బండ్లు కూడా ఉండేవి. అడవికి నడుమ గుమ్మడివాగు పారేది. వాగుకు ఇవతల కొండ, అవతల మైదానం. కొండ మీంచి దిగే ఘాట్ రోడ్డు, వాగు మీది చప్టా దాటి మైదానంలోకి వెళ్లేది. వానలు పడి వాగు పొంగితే చప్టా మునిగిపోయేది. మళ్లీ తేలేసరికి నాలుగు నెలలు పట్టేది.

సూరక్క అనే ముళ్లపందికి ఒక పాత కారు ఉండేది. ఏటా వానలకు ముందే ఆమె కారుతో సహా వాగు అవతలికి మారిపోయేది. అడవి ఆసుపత్రి అక్కడే ఉంది. బురదలో నడవలేని ముసలి జంతువులన్నీ అటువైపే ఉన్నాయి. వానాకాలంలో వాటిని ఆసుపత్రికి చేర్చడానికి సూరక్క కారు తప్ప ఇంకో దిక్కు లేదు.

ఆ ఏడు మబ్బులు తొందరపడ్డాయి. సూరక్క కూడా తొందరపడింది. కానీ కొండ మీద, సరిగ్గా ఘాట్ మొదట్లో, కారు పొగ కక్కి ఆగిపోయింది. మెకానిక్ ఉడుము షెడ్డు చూస్తే వాగు అవతల.

"సాయంత్రానికి చప్టా మునుగుతుంది. ఈలోపు దాటకపోతే నాలుగు నెలలు నేనిక్కడ, వాళ్లక్కడ" అనుకుంది సూరక్క. ఆమె వెన్ను మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

అంతలో కోరయ్య అనే అడవిపంది కొత్త పికప్ బండిలో వచ్చాడు. బండి తళతళలాడుతోంది. కోరయ్య అంతకంటే ఎక్కువ మెరిసిపోతున్నాడు.

"ఇంతేనా అక్కా? నా బండి కొండనైనా లాగేస్తుంది. ఈ డబ్బా ఎంత!" అంటూ తాడు తీశాడు. ఒక కొస తన బండికి కట్టి, రెండో కొస కారు బంపరుకు చుట్టాడు.

"తమ్ముడూ, బంపరుకు కాదు. కింద ఇనుప కొక్కెం ఉంది చూడు" అంది సూరక్క.

"లాగేది నేనా, నువ్వా? నువ్వు దర్జాగా వచ్చి నా పక్కన కూర్చో."

"అయితే కారు స్టీరింగ్ ఎవరు పట్టుకుంటారు?"

"లాగించుకునే బండికి స్టీరింగ్ ఎందుకక్కా!" అని పకపకా నవ్వాడు కోరయ్య.

"ఆగు, హ్యాండ్ బ్రేకు వేసే ఉంది..." అని సూరక్క అంటూనే ఉంది. కోరయ్య బండిని గుర్రుమనిపించి ఒక్క ఉదుటున ముందుకు ఉరికించాడు. వదులుగా ఉన్న తాడు ఫట్టుమని బిగిసింది. కారు అంగుళం కదల్లేదు. బంపరు మాత్రం ఊడి, గాల్లో ఎగిరి, కోరయ్య బండి వెనక అద్దాన్ని భళ్లున పగలగొట్టింది.

"పాడు కారు! కొత్త బండిని నాశనం చేసింది!" అని అరిచి, కోరయ్య వెనక్కి చూడకుండా ఘాట్ దిగి వెళ్లిపోయాడు. బంపరు రోడ్డు మీద పడి ఉంది. ముడి జారిన తాడు మాత్రం అతని బండి వెంట పాములా ఈడ్చుకుంటూ పోయింది.

సూరక్క కాసేపు బంపరును, కాసేపు మబ్బును చూసింది. ఏడిస్తే కారు కదలదు కదా. బంపరు తీసి వెనక సీట్లో పడేసి, రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

కొంతసేపటికి కాటమ్మ అనే అడవిదున్న గడ్డి తోలే పాత పికప్ బండిలో వచ్చింది. గడ్డి దించేసి వాగు అవతల ఉన్న ఇంటికి పోతోంది. సంగతి విని కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత రోడ్డు పక్కనున్న బండరాళ్లు ఎత్తి తన బండిలో వేసుకోసాగింది.

"వదినా, లాగడానికి నా కారు బరువు చాల్లేదా?" అంది సూరక్క.

"ఖాళీ బండి దిగుడులో జారుతుంది. వెనకున్నదాని కంటే ముందున్నది బరువుగా ఉండాలి" అంది కాటమ్మ. మందపాటి తాడు తెచ్చి కొక్కేనికి కట్టింది. తాడు మధ్యలో ఎర్ర గుడ్డ ముడివేసింది. "ఇక నీ పని విను. తాళం చెవి తీయకు, తీస్తే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. గేరు న్యూట్రల్లో పెట్టు. ఇంజన్ ఆడటం లేదు కాబట్టి బ్రేకు రాయిలా ఉంటుంది, రెండు కాళ్లతో తొక్కు. తాడు వదులై ఎర్ర గుడ్డ నేలకు వాలితే బ్రేకు నొక్కు. నేను చెయ్యి బయటపెడితే పూర్తిగా ఆపెయ్."

"లాగించుకోవడం అంటే స్టీరింగ్ పట్టుకుంటే చాలనుకున్నానే!"

"లాగడం నా వంతు. ఆపడం నీ వంతు. దిగుడులో నీ పనే పెద్దది."

సూరక్క హ్యాండ్ బ్రేకు దించింది. కాటమ్మ నత్తలా కదిలి, తాడు బిగిశాకే ముందుకు లాగింది. మొదటి మలుపులో ఎర్ర గుడ్డ వాలింది. సూరక్క బ్రేకు తొక్కింది. గుడ్డ లేచింది. రెండో మలుపుకల్లా ఆమెకు లెక్క తెలిసిపోయింది. కాళ్లు పీకుతున్నా గుడ్డ మీంచి చూపు తిప్పలేదు.

మూడో మలుపు తిరగగానే కాటమ్మ చెయ్యి బయటికి వచ్చింది. సూరక్క ఒంట్లో ఉన్న బలమంతా బ్రేకు మీద పెట్టింది. రెండు బండ్లూ ఒకేసారి ఆగాయి. ఎదురుగా రోడ్డు మీద కోరయ్య కొత్త పికప్ నిలబడి ఉంది. ఈడ్చుకుపోయిన తాడు వెనక చక్రానికి చుట్టుకుని, ఇరుసులోకి దూరి బిగుసుకుపోయింది.

"వదినా, నన్నూ కట్టుకో!" అన్నాడు కోరయ్య.

"ఒకసారికి ఒకటే బండి కోరయ్యా. అదీగాక నీ చక్రం తిరగదు. బండి వదిలేసి ఎక్కు, అవతల దింపుతాను."

"కొత్త బండి! ఎలా వదిలేస్తాను?"

తొలి చినుకులు పడ్డాయి. కాటమ్మ మళ్లీ అడగలేదు. కోరయ్య బండి పక్కనున్న సందులోంచి రెండు బండ్లూ మెల్లగా ముందుకు సాగాయి.

చప్టా మీద అప్పటికే బెత్తెడు నీళ్లు పారుతున్నాయి. సూరక్క స్టీరింగ్ తిన్నగా పట్టుకుంది. అవతలి గట్టు ఎక్కేశాక వెనక్కి చూస్తే, నీళ్లు బంకమన్ను రంగులో ఉరుకుతున్నాయి. చప్టా ఎక్కడుందో తెలియడం లేదు.

కోరయ్య కొండవైపే చిక్కుకుపోయాడు. అతని బండి ఆ నాలుగు నెలలూ కొండ మీదే తడిసి, తుప్పు పట్టింది. కాటమ్మకు మాత్రం ఆ ఏడు మైదానమంతా మంచి గిరాకీ. ఎవరి బండి ఆగినా ఆమెకే కబురు పంపేవాళ్లు.

ఉడుము రెండు రోజుల్లో కారు బాగుచేశాడు. మూడో రోజు ఉదయం జోరువానలో, బంపరు లేని ఆ కారు ఒక కుంటి దుప్పిని ఎక్కించుకుని ఆసుపత్రి గుమ్మం ముందు ఆగింది.

నీతి: బలం ఉన్నంత మాత్రాన సాయం కాదు, జాగ్రత్త తెలిసినవాళ్లు లాగి, సాయం అందుకునేవాళ్లు తమ వంతు పని చేస్తేనే ఇద్దరూ క్షేమంగా గట్టెక్కుతారు.