తవ్విన మట్టి ఎటు పోశారు?

చెరకుతోట పక్కన చేనుగట్టులో ముత్యాలు అనే ఎలుక కాపురం. పోయిన వానకు బొరియ నిండా నీళ్ళు చేరి, పిల్లల్ని నోట కరుచుకుని బయటపడేసరికి దాని ప్రాణం మీదికొచ్చింది. ఇప్పుడు మళ్ళీ ఒళ్ళో అయిదుగురు పసివాళ్ళు, నెత్తిన మళ్ళీ మబ్బులు. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా అని, నీళ్ళు రాకుండా బొరియ ఎలా తవ్వాలో ఫోనులో "అడవి ముచ్చట్లు" గుంపులో అడిగింది. ఫోను లేని ఎలుక ఏదండీ ఈ రోజుల్లో! నెమలి తన డాన్సు వీడియో పెట్టింది. చిలక పువ్వుల బొమ్మతో శుభోదయం చెప్పింది. కోతి మాత్రం జవాబిచ్చింది: "బొరియ ఎందుకే, చెట్టెక్కు!"

ముత్యాలుకు ఒళ్ళు మండింది. తవ్వేవాళ్ళ కోసమే వేరే గుంపు పెట్టేసింది. పేరు "బొరియల బడి". కట్టుబాటు ఒక్కటే: కొత్తగా చేరినవాళ్ళు, తవ్విన మట్టి ఎటు పోశారో ముందు చెప్పాలి.

మొదటిరోజు ముగ్గురే. పదిహేను రోజులు తిరిగేసరికి ఏడూళ్ళ పొలాల నుంచి మూడువందల మంది! లోపలికి దిగిన దారిని మళ్ళీ పైకి మలిపితే నీళ్ళు వంపులోనే ఆగిపోతాయని ఎండ్రకాయ నేర్పింది. రాతినేల సంగతి ముళ్ళపంది చెప్పింది. పిడికెడంత ఎలుక బడి పెట్టిందంటే మాటలా! ముత్యాలు ఆ పేర్లన్నీ రోజూ చదువుకుని పొంగిపోయేది.

ఒకరోజు "భూగర్భాచార్యులు" అనే పేరుతో ఎవరో చేరారు. నున్నటి బొరియ ఫోటో పెట్టి, "అమ్మా ముత్యాలూ, మీ బడి చూసి ముచ్చటేసింది. అందరూ మీ బొరియల పటాలు పెట్టండి, వెనకదారులతో సహా. తప్పులుంటే దిద్దుతాను" అన్నారు.

అంత పండితుడు తన బడికి రావడమా! ముత్యాలు గబగబా పటం గీసి, పిల్లలు పడుకునే చోటు కూడా గుర్తుపెట్టి, పంపబోతూ ఆగింది. ఆయన మట్టి మాటే ఎత్తలేదు.

"పెద్దాయన్ని అడుగుతావటే? బాగుండదు" అంది ముళ్ళపంది.

"నిన్ను అడగలేదా మావా? ఆయనకో న్యాయం, నీకో న్యాయమా?" అని ముత్యాలు అడిగేసింది. "ఆచార్యులవారూ, తవ్విన మట్టి ఎటు పోశారండీ?"

"మట్టేమిటి తల్లీ? నేను వెళ్ళేసరికే బొరియలో మట్టి ఉండదు!"

అంతలో పందికొక్కు అందుకుంది. "ఓర్నీ! ఆ ఫోటోలోది నా బొరియే! పోయినేడు నన్ను తరిమి దూరిన తాచుపాము వీడే!"

ముత్యాలు పటం చెరిపేసి, పిల్లల్ని ఒక్కసారి తడిమి చూసుకుని, అప్పుడు రాసింది: "అయ్యా, ఇది తవ్వేవాళ్ళ బడి. దూరేవాళ్ళకి కాదు. దయచేయండి."

పాము తోకతో ఎంత నొక్కినా ఫోనులో ఒకటే మాట: "మీరు ఈ గుంపులో లేరు." పడగెత్తి ఫోను మీదే బుసకొట్టింది పాపం.

గట్టులో ముత్యాలు పిల్లల్ని పొదువుకుని, "మీ అమ్మ పెట్టిన బడిరా ఇది!" అంది తల ఎత్తి.

చేసినవాడెవడో, చెప్పుకునేవాడెవడో తేల్చడానికి పనివాళ్ళడిగే చిన్న ప్రశ్న చాలు.