అగరబత్తి పొగ ఎటు పోయింది?

నిడదవోలులో వామనరావు అనే పళ్ళ డాక్టరు ఉండేవాడు. చేతి పని బంగారం, కానీ తనకంటే తక్కువ చదివినవాళ్ళ మాట చెవిన పెట్టడం మాత్రం ఆయనకు చేతకాదు.

ఆయన క్లినిక్ బజారువీధిలో, స్టీలు సామాన్ల కొట్టు పైన, మేడ మీద ఉండేది. ముందు హాలు, హాలు వెనక వైద్యం చేసే గది. ఆ గది వెనక గోడకు పెద్ద కిటికీ ఒకటి ఉంది. ఉండడమే గానీ ఎప్పుడూ తెరిచింది లేదు. దానికి అడ్డంగా చెక్క బిగించి, ఆ చెక్క మీద డాక్టరుగారి డిగ్రీల పటాలు తగిలించారు. కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న ప్రతివాడూ చచ్చినట్టు వాటినే చూడాలి.

కరోనా వచ్చింది. రెండున్నర నెలలు క్లినిక్ మూతపడింది. ఊళ్ళో పంటి నొప్పులు మాత్రం మూతపడలేదు. బుగ్గ పట్టుకుని ఫోన్లు చేసేవాళ్ళు ఎక్కువయ్యారు. చివరికి తెరుచుకోవచ్చని అనుమతి వచ్చింది.

వామనరావు చేయవలసినవన్నీ చేశాడు. హాల్లో పది కుర్చీలుంటే నాలుగే ఉంచాడు. గుమ్మం దగ్గర కాలితో తొక్కితే చేతిలో పడే శానిటైజరు పెట్టించాడు. తనకు తల నుంచి పాదాల దాకా కప్పే కిట్టు తెప్పించుకున్నాడు. అన్నిటికీ మించి, లోపలి గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాను కొన్నాడు. దాన్ని హాల్లో వీధివైపు గోడకు పెట్టించాడు. అక్కడైతే వచ్చినవాళ్ళందరికీ కనబడుతుంది మరి!

తెరిచే రోజు పొద్దున్నే నూకరత్నం వచ్చింది. పన్నెండేళ్ళుగా ఆమె అక్కడ ఆయా. ఊడ్చేది ఆమే, పనిముట్లు ఉడకబెట్టేది ఆమే, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టేది ఆమే. ఇప్పుడు హాల్లో కూర్చుని వచ్చినవాళ్ళకు జ్వరం చూసే పనీ ఆమెదే. రోజూలాగే గదిలో దేవుడి పటం ముందు అగరబత్తి వెలిగించింది. తలుపు దగ్గరగా వేసి, హాల్లోకి వచ్చి ఫ్యాను వేసింది. తన కుర్చీలో కూర్చుంది. కూర్చున్నదల్లా చటుక్కున లేచింది.

"డాక్టరుగారూ, ఒక్కసారి ఇలా రండి. ఈ పొగ చూడండి."

తలుపు కింద బెత్తెడు సందు ఉంది. ఆ సందులోంచి పొగ సన్నగా పాకి వచ్చి, కుర్చీల మీదుగా ఫ్యాను వైపు పోతోంది. వీధి కిటికీలోంచి పడే ఎండలో ఆ చార స్పష్టంగా కనబడుతోంది.

"ఫ్యాను బాగానే లాగుతోందిగా! గాలి బయటికే పోతోంది. నీ బాధేమిటి?" అన్నాడు డాక్టరు.

"పోతోందండి. కూర్చున్నోళ్ళ మొహాల మీంచి పోతోంది. లోపల మీరు పన్ను తొలిచే మిషను తిప్పితే నోట్లోంచి తుంపర లేస్తుంది కదండీ, అదీ ఈ దారినే వస్తుంది."

వామనరావు పకపకా నవ్వాడు. "నూకరత్నం, నేను ఐదేళ్ళు చదివి, ఆ పైన ఇంకో మూడేళ్ళు చదివాను. నువ్వు అగరబత్తి పెట్టి నాకు సైన్సు చెబుతున్నావా?"

"సైన్సు నాకేం తెలుసండీ? నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదాను. పొగ ఎటు పోద్దో తెలుసు. ఆ పటాలు తీసి, వెనక కిటికీ తెరిచి, ఫ్యాను అక్కడ పెడితే..."

"ఏమిటీ? నా డిగ్రీలు తీసి మూల పడేయమంటావా?"

"డిగ్రీలు ఎక్కడున్నా డిగ్రీలేనండి. గాలికే దారి కావాలి." నూకరత్నం గొంతు తగ్గించింది. "మా ఆయనకి ఉబ్బసమండి, మీకు తెలుసుగా. నేను ఈ రోగం అంటించుకుని ఇంటికెళ్ళానంటే, ఆయన నాకు దక్కడు."

"మాస్కు ఉందిగా! వెళ్ళు, మొదటి పేషెంటుని పిలు."

పిలిచింది. పిలవక ఏం చేస్తుంది?

ఎనిమిది రోజులు ఏమీ కాలేదు. "చూశావా, నీ పొగ ఎవర్నీ ఏమీ చేయలేదు" అని డాక్టరు రోజుకోసారి దెప్పేవాడు. తొమ్మిదో రోజు ఒక రైసుమిల్లు గుమాస్తా వచ్చాడు. ఒంట్లో జ్వరం లేదు, దగ్గు లేదు. పుచ్చిన దవడ పన్ను బాగుచేయడానికి ముప్పావుగంట మిషను తిప్పవలసి వచ్చింది. మూడు రోజులకి ఆయన దగ్గర్నుంచి ఫోను.

"డాక్టరుగారూ, నాకు పాజిటివ్ అండి."

వారం తిరగకుండా, ఆ పూట హాల్లో కూర్చున్న ముగ్గురిలో ఇద్దరికి జ్వరం వచ్చింది. నూకరత్నానికీ వచ్చింది. ఆమె నుంచి ఆమె భర్త సూరిబాబుకు అంటుకుంది. అతన్ని రాజమండ్రి ఆస్పత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. కిట్టు తొడుక్కున్న డాక్టరుగారికి మాత్రం తుమ్మయినా రాలేదు.

క్లినిక్ మళ్ళీ మూతపడింది.

జబ్బుపడ్డ ఆ ఇద్దరూ తోడుగా వచ్చినవాళ్ళే, గదిలో అడుగే పెట్టలేదు. గుమాస్తాతో మాట కలపనూ లేదు. ఎలా అంటుకున్నట్టు? జవాబు వామనరావుకు తెలుసు. ఒప్పుకోవడమే బాకీ.

ఒకరోజు పొద్దున్న ఆయన ఒంటరిగా మేడ ఎక్కాడు. సొరుగులో నూకరత్నం దాచుకున్న అగరబత్తుల పెట్టె దొరికింది. ఒకటి వెలిగించి, తలుపు వేసి, ఫ్యాను తిప్పాడు. వెళ్ళి నూకరత్నం కుర్చీలో కూర్చున్నాడు. మాస్కు తీశాడు. కాసేపటికే అగరబత్తి మల్లెపూల వాసన నేరుగా వచ్చి మొహానికి తగిలింది.

లేచి, పటాలన్నీ తన చేతులతోనే దించాడు. సుత్తి తెచ్చి చెక్క ఊడదీశాడు. కిటికీ రెక్కలు కిర్రుమని తెరుచుకున్నాయి. అవతల ఖాళీ స్థలం, ఆ అవతల కాలువ. మర్నాడు మనిషిని పిలిచి ఫ్యాను అక్కడికి మార్పించాడు.

పదిహేడు రోజులకి సూరిబాబు ప్రాణాలతో ఇంటికి వచ్చాడు. ఆ సంగతి తెలిసి డాక్టరు వాళ్ళ ఇంటికి వెళ్ళి, దడి బయటే నిలబడ్డాడు.

"నూకరత్నం, తప్పు నాది. నువ్వు చెప్పావు. నేను వినలేదు."

నూకరత్నం "ఫరవాలేదండి" అనలేదు. "ఆయన రెండడుగులు వేస్తే ఆయాసపడిపోతున్నాడండి" అంది.

వామనరావు తల దించుకున్నాడు. "కిటికీ తెరిచాను. ఫ్యాను అక్కడే పెట్టించాను. పనిలోకి వస్తావా?" అని అడిగాడు.

"ముందు పొగ చూస్తానండి."

చూసింది. గదిలో అగరబత్తి వెలిగించి, తలుపు వేసి, హాల్లో ఉన్న కుర్చీలన్నిటిలోనూ ఒకదాని తర్వాత ఒకటిగా కూర్చుంది. ఎక్కడా వాసన లేదు. తలుపు తీసి చూస్తే పొగ తిన్నగా వెనక కిటికీలోంచి కాలువ వైపు పోతోంది.

"రేపట్నుంచి వస్తానండి. మీ మాట మీద కాదు, ఈ పొగ మాట మీద" అంది.

ఆ రోజు నుంచి క్లినిక్‌లో ఒక పద్ధతి ఏర్పడింది. అగరబత్తి వెలిగి, నూకరత్నం సరేనని తల ఊపేదాకా డాక్టరు పనిముట్టు పట్టుకోడు. ఒకరు వెళ్ళాక గది గాలాడేదాకా ఇంకొకరిని పిలవడు. "మీ డిగ్రీలేవండీ డాక్టరుగారూ, కనబడవే?" అని పాత పేషెంటు ఎవరైనా అడిగితే, దాచకుండా చెప్పేవాడు.

"బీరువాలో ఉన్నాయండి. కిటికీ మీదుంటే గాలికి అడ్డొచ్చాయి."

నీతి: మాట చెప్పినవారి చదువు కాదు, ఆ మాటలోని నిజం చూడాలి, వినని పెద్దరికం చేసిన తప్పుకు శిక్ష ఎప్పుడూ పక్కవాళ్ళకే పడుతుంది.