ఉడుము ముందు రెండు దొప్పలు

వెదురు కొండ నుంచి ఏటి రేవు దాకా ఇనుప పట్టాలు వేయించింది నక్క. వాటి మీద వెదురు ట్రాలీలు లాగేవి ఎద్దులు. మొదట్లో రోజుకు నాలుగు ట్రిప్పులని మాట. ఆ మాట మీద నక్క ఎన్నాళ్లు నిలబడుతుంది? ఏటా తగువు రావడం, ఉడుము మధ్యవర్తిగా కూర్చోవడం మామూలైపోయింది. ఉడుము మంచిదే, కానీ దానికో జబ్బుంది. ఇద్దరి మాటా విని సరిగ్గా సగానికి తెగ్గొడుతుంది. నక్క అది కనిపెట్టేసింది. ఎద్దులు నాలుగంటే తను ఆరంది, తీర్పు ఐదు. మరుసటేడు ఎద్దులు ఐదంటే తను ఏడంది, తీర్పు ఆరు.

ఈ ఏడు మళ్లీ ట్రిప్పులు పెంచుతానని నక్క అనగానే మైలెద్దు కాడి దించేసింది. దాని జతగాడు కర్రెద్దు ఆరో ట్రిప్పులో ఎగువ ఎక్కలేక మోకాళ్ల మీద పడుతోంది. ఏడోది వస్తే ఇక లేవదని మైలెద్దుకు తెలుసు. పదేళ్లు ఒకే కాడి మోసిన జత, ఎలా ఊరుకుంటుంది? దాని వెనకే ఎద్దులన్నీ ఆగిపోయాయి.

మూడో రోజుకల్లా రేవులో పడవలు ఖాళీగా ఊగాయి. నక్క పరుగెత్తుకొచ్చింది.

"మైలన్నా, మనలో మనకు పంతాలేమిటి? ఉడుము మామను పిలుద్దాం."

"పిలుద్దాం. ఈసారి మాత్రం సగానికి కోయడం లేదు. ఎవరు ఎన్ని ట్రిప్పులంటే అన్ని గులకరాళ్లు దొప్పలో పెట్టి మూసి ఇద్దాం. రెంటిలో న్యాయమైనదాన్ని మామ ఉన్నదున్నట్టు ఖాయం చెయ్యాలి."

"ఆలోచించి చెప్తాలే" అంటూ వెళ్లి ఎద్దుల కొట్టం వెనక చెవి ఒగ్గింది నక్క.

లోపల కుర్ర ఎద్దులు రంకెలేస్తున్నాయి. "రెండు ట్రిప్పులు చాలు. మూడోది లాగితే ఒట్టు."

తడిక సందులోంచి నక్క తోక కొస మైలెద్దు కంటపడింది. అది చిన్నగా నవ్వుకుంది. "కానివ్వండిరా, కడుపులో ఉన్నదంతా కక్కెయ్యండి" అంది.

నక్కకు పట్టలేని సంబరం. 'రెండు ట్రిప్పులతో రేవు నడవదని ఉడుముకు తెలీదా? వీళ్ల రెండు పక్కన నేను ఎనిమిదన్నా బుద్ధిమంతుణ్ణే' అనుకుని, అందరి ఎదుటా పట్టా మీద పంజా వేసి షరతుకు ఒప్పుకుంది.

మర్నాడు ఉడుము నక్క దొప్ప విప్పింది. ఎనిమిది రాళ్లు. రెండో దొప్ప విప్పింది. ఐదు.

"ఇదెక్కడి అన్యాయం? రెండే అన్నారుగా" అంది నక్క.

"నీతో ఎప్పుడన్నారు?" అంది ఉడుము.

మైలెద్దు ముందుకొచ్చింది. "మావాళ్లు అరిచింది కోపం మామా, మేం అడిగేది ఇది. ఐదైతే నా జతగాడు నిలబడతాడు, రేవూ ఆగదు."

"పోనీ మధ్యస్తంగా ఆరున్నర..." నసిగింది నక్క.

"పంజా వేసింది నువ్వే కదటోయ్. నేను పట్టు పట్టానంటే వదలనని తెలుసుగా. ఐదు ఖాయం."

ఆ రోజు ఐదో ట్రిప్పులో కర్రెద్దు మోకాలు నేలకు తాకకుండా ఎగువ ఎక్కింది. "ఆరోది లేదు కదా?" అని అడిగింది.

"లేదురా. పద, నీళ్లు తాగుదాం" అంది మైలెద్దు. రేవులో నక్క ఇంకా తన ఎనిమిది రాళ్లనే చూస్తూ కూర్చుంది.

సగమైనా దక్కుతుందని రెట్టింపు అడగడానికి అలవాటుపడ్డవాడికి, సగం లేని చోట ఏదీ దక్కదు.